ఆటువేళ

ముప్పైనాలుగేళ్ళు బురేలా రేవులో
ఎలాడియో గొంతే గడియారం.
తెల్లవారుజామున నాలుగింటికి వేలంపాట.
ఇక్కడి పాట పైకి పోదు, కిందికి దిగుతుంది:
తొంభై, ఎనభైతొమ్మిది, ఎనభైఎనిమిది...
గుక్క తిప్పుకోకుండా దిగుతూ పోయేవాడు
ఎవరో ఒకరు "నాది!" అని అరిచేదాకా.
కానాగంతల పెట్టె ఒకటి అమ్మడానికి
ఒక్క ఊపిరి చాలు.
రెండోది దండగ ఖర్చనేవాడు.

తరవాత గోడకి తెర పెట్టారు.
అంకెలు వాటంతటవే దిగుతున్నాయి,
కొనేవాళ్ళు మీట నొక్కుతున్నారు.
ఆయన ఇంటికొచ్చేశాడు,
అమ్ముడుపోని ఊపిరంతా
మెడ నరాల్లో కొట్టుకుంటూ.

నూటడెబ్భైఎనిమిది, అంది నర్సు సబేలా.
రక్తపోటు.
సముద్రానికున్న మాటే రక్తానికీ.
కాకపోతే సముద్రానికి ఆటు కూడా ఉంది,
రోజుకి రెండుసార్లు,
ఎవరూ చెప్పకుండానే.

మాత్రలతో పాటు ఒక చిన్న డబ్బా ఇచ్చింది.
ఛాతీకి బెల్టు, చెవులకి తీగలు.
స్వరం ఎక్కుతుంటే పీల్చాలి,
దిగుతుంటే వదలాలి,
పీల్చినదానికంటే వదిలేది పొడుగుండాలి.
రోజుకి పావుగంట,
నిమిషానికి ఆరు ఊపిర్లకి వచ్చేదాకా.
"మాత్రలు మానకండి. ఇది వాటికి తోడు, అంతే."

మొదటి వారమంతా దానితో పోట్లాట.
అది వదలమనేలోపే వదిలేసేవాడు.
"నా పాట లాక్కున్నదీ ఇలాంటి డబ్బానే" అంటూ
బెల్టు విప్పి రొట్టెల బుట్టలో పడేసేవాడు.
నేను తీసి, పిండి దులిపి,
మళ్ళీ బల్లమీద పెట్టేదాన్ని.
రెండో నెలకి పేచీ తగ్గింది.
మూడో నెలకి నూటఅరవైమూడు.
"పదిహేను మెట్లు దిగినా ఒక్కడూ కొనలేదు"
అని సబేలాతో వేళాకోళం.

నా సంగతి ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
గుమ్మంలో కూర్చుని
ఎవరి పడవదో వల బాగుచేస్తూ,
లోపలి గదిలోంచి ఎక్కి దిగే స్వరం వింటూ.
ఎన్ని కళ్ళు తెగాయో లెక్కపెడతాను గాని
వల కుట్టే చేతికి
పట్టీ చుట్టి చూడాలని ఎవరికి తోస్తుంది?

ఒక రాత్రి ఆయన పడుకున్నాక
ఊరికే చుట్టుకున్నాను.
నూటడెబ్భైఒకటి.
యంత్రం పాడైందనుకుని మళ్ళీ చూశాను.
నూటడెబ్భైఒకటి.
వంటింటి దీపం ఆర్పబుద్ధి కాలేదు.

వెనకనించి ఎప్పుడొచ్చాడో,
భుజం మీదుగా అంకె చూశాడు.
తిట్టలేదు.
డబ్బా తెచ్చి మీట నొక్కితే పలకలేదు,
బ్యాటరీలు అయిపోయాయి.
కుర్చీ నా ముందుకి లాక్కున్నాడు.
మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి
నాడి వెతుక్కున్నాడు.
గొంతు సవరించుకున్నాడు,
ఒకప్పుడు నాలుగింటికి సవరించుకున్నట్టే.

"నూటడెబ్భైఒకటీ..."
ఆ చివర అక్షరాన్ని సాగదీశాడు
నా లోపలి గాలంతా బయటికొచ్చేదాకా.
ఆగాడు. నిండనిచ్చాడు.
"నూటడెబ్భై..."
ఆగాడు.
ఈ మనిషి రెండు అంకెల మధ్య ఆగగలడని
పెళ్ళయిన నలభైఒక్కేళ్ళకి తెలిసింది.
నూటఅరవైలో వేళ్ళు వదులయ్యాయి.
నూటయాభై దగ్గర
రేవులో పడవలు తాళ్ళు లాక్కోడం వినిపించింది,
ఆ చప్పుడు రోజూ ఉండేదే.
నూటనలభైరెండు దగ్గర
"నాది," అన్నాను.
"అమ్ముడైంది," అన్నాడు, మెల్లగా.

పొద్దున సబేలా పట్టీ చుట్టింది.
నూటఅరవైఏడు.
నాకూ ఒక మాత్ర రాసింది.
ఎలాడియో మొహం చిన్నబుచ్చుకున్నాడు:
"నూటనలభైరెండుకి పాడుకుంది,
అందరూ విన్నారు."
ఉన్నది మేమిద్దరమే.

వచ్చేప్పుడు బ్యాటరీలు కొనుక్కురమ్మన్నాను.
మర్చిపోయానన్నాడు.
ఇవాళ్టికి నాలుగు రోజులు,
ఇంకా మర్చిపోతూనే ఉన్నాడు.